చెరువు గట్టు ప్రశ్నలు: డబ్బా మీద ‘పెప్టైడ్’ అని రాసుంది, వాడమంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు విప్పి చూస్తే ఒకటే మాట మళ్లీ మళ్లీ కనబడింది, పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్క. రైతు అదే అడిగారు, చదువుకునే అమ్మాయి అదే అడిగింది, గుజరాత్‌లో ఉద్యోగం చేస్తున్న మన కుర్రాడూ అదే అడిగాడు. ఆఖరికి హైదరాబాద్ నుంచి ఒక గృహిణి రొయ్య తల నల్లబడిందని రాస్తే దాని జవాబు కూడా అక్కడికే చేరింది. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రెండు చెరువులు కలిపి మూడెకరాల్లో వనామి రొయ్య వేశాను. నాలుగు లక్షల పిల్ల. ఇవాల్టికి 45 రోజులు, 160 కౌంట్ (కిలోకు 160 రొయ్యలు) ఉంది. కాలవ అవతలి చెరువులో వైట్ స్పాట్ (తెల్లమచ్చల) వైరస్ రోగం వచ్చి వారం కిందట ఖాళీ చేశారు. మందుల షాపులో ‘సింథటిక్ పెప్టైడ్ ఇమ్యూన్ బూస్టర్’ అని కొత్త డబ్బా చూపించారు. లీటరు 2,800. కిలో మేతకు 10 ఎంఎల్ చొప్పున ఏడు రోజులు పెడితే రొయ్యకు ఇమ్యూనిటీ పెరిగి వైరస్ ఆగుతుందట. రోజుకు 90 కిలోల మేత తింటున్నాయి. వాడమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదండి.
— ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు లెక్క చూద్దామండి. 90 కిలోలకు రోజుకు 900 ఎంఎల్. ఏడు రోజులకు 6.3 లీటర్లు. అంటే 17,640 రూపాయలు. ఆ డబ్బు నా చేతిలో ఉంటే ఈ వారం ఆ డబ్బా కొననని ముందే చెప్పేస్తున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. మీకు నిద్ర పట్టాలంటే ఈ రోజు సాయంత్రంలోపు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

అవతలి చెరువు నీళ్లు బ్లీచింగ్ చేయకుండా కాలవలోకి వదిలారా, కనుక్కోండి. వదిలి ఉంటే ఆ కాలవ నీళ్లు ఒక్క చుక్క కూడా లోపలికి తోడకండి. నీటి మట్టం రెండంగుళాలు తగ్గినా ఫర్వాలేదు. పీతలు గట్టెక్కి ఇటు రాకుండా చుట్టూ వల ఉందో లేదో టార్చిలైటు వేసుకుని చూడండి, కింద కన్నాలు పడి ఉంటాయి. పీత తనకేమీ కానట్టే తిరుగుతూ వైట్ స్పాట్ వైరస్‌ను మోసుకొస్తుంది. అవతల చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకొచ్చి మీ చెరువులో పడేస్తుంది, అందుకే పైన తాళ్లు కట్టడం. అవతల వాడిన వల, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే, ఆఖరికి అక్కడ పనిచేసిన మనిషి కాళ్లు కూడా మీ చెరువులో పడకూడదు. నాలుగు మూలల నుంచి నీరసంగా ఉన్న రొయ్యలు ఏరి, వైరస్ జన్యువును పట్టే పీసీఆర్ టెస్టుకు పంపండి. తెల్లవారుజామున ఏరేటర్లు ఆపకండి. ఈ వారం రొయ్యకు ఏ రకంగానూ ఇబ్బంది కలగకూడదు.

ఇక డబ్బా సంగతి. ఆ మధ్య ఒక రైతు ఇలాంటిదే ఒకటి తెచ్చి మా ల్యాబ్ బల్ల మీద పెట్టి, ‘ఇందులో ఏముందో చెప్పండి మేడమ్’ అన్నారు. లేబుల్ మీద పెద్ద అక్షరాలతో పెప్టైడ్స్. వెనకాల చిన్న అక్షరాలు చదవడానికి నాకు కళ్లజోడు చాలక భూతద్దం తీశాను. సోయా ప్రొటీన్ హైడ్రోలైజేట్, అమైనో యాసిడ్లు, బీటైన్, విటమిన్ సి. బైయురెట్ టెస్ట్ చేస్తే వంగపండు రంగు వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అయితే ఆ రంగు ప్రొటీన్ ముక్క ఏది ఉన్నా వస్తుంది. సోయా ఉడికించిన నీళ్లకూ వస్తుంది, కోడిగుడ్డు తెల్లసొనకూ వస్తుంది. ప్రొటీన్‌ను ఎంజైముతో తెగ్గొడితే వచ్చే ముక్కలన్నీ పెప్టైడ్లే కాబట్టి లేబుల్ మీద అబద్ధం లేదు. అందులో పెప్టైడ్ ఉంది. మేతకు రుచి పెరుగుతుంది, కాస్త పోషకమూ అందుతుంది. కాకపోతే పరిశోధకులు ‘సింథటిక్ పెప్టైడ్’ అన్నప్పుడు వాళ్లు చెప్పే వస్తువు అది కాదు.

ఆ అసలు వస్తువు ఏమిటో చెప్పాలంటే రొయ్య రక్తం నుంచి మొదలుపెట్టాలి. నాకు ఇష్టమైన పాఠం ఇది, కొంచెం ఓపిక పట్టండి.

రొయ్య రక్తం ఎర్రగా ఉండదు. మనకు ఇనుము చేసే పనిని దానికి రాగి చేస్తుంది, అందుకే గాలి తగిలితే లేత నీలం రంగు తిరుగుతుంది. తోక మొదట్లో, పొట్ట కింద సన్న సూది గుచ్చి లాగుతాం. సిరంజిలో గడ్డకట్టకుండా మందు ముందే పోసి ఉంచాలి. లేకపోతే లాగినంతసేపు పట్టదు, జిగురులా గట్టిపడిపోతుంది. దెబ్బ తగిలినచోట రక్తం కారిపోకుండా, సూక్ష్మజీవి లోపలికి రాకుండా రొయ్య వేసుకునే మొదటి తలుపు అదే. వైట్ స్పాట్ ముదిరిన రొయ్య నుంచి రక్తం తీస్తే అలా గడ్డకట్టదు, నీళ్లలా పల్చగా ఉండిపోతుంది. పీసీఆర్ మిషన్లు మన ఊళ్లకు రాకముందు చాలాసార్లు నాకు చావుకబురు చెప్పింది ఆ పల్చటి రక్తమే.

ఆ రక్తంలో హీమోసైట్లు అనే కణాలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న వనామిలో ఒక్క మిల్లీలీటరుకే అవి లక్షల్లో, కోట్లలో ఉంటాయి. కొన్ని కణాల నిండా ఆవాల పొట్లంలా గింజలు కనబడతాయి. మనకున్నట్టు రొయ్యకు యాంటీబాడీలు లేవు. ఒకసారి వచ్చిన రోగాన్ని పేరుపెట్టి గుర్తుపెట్టుకుని, రెండోసారి వస్తే ఒడిసిపట్టే ఏర్పాటు దానికి లేదు. ఉన్నదల్లా ఊరి కాపలా లాంటిది. వచ్చినవాడు ఎవరో పేరు తెలియకపోయినా, బాక్టీరియా గోడను బట్టో బూజు గోడను బట్టో ‘వీడు మనవాడు కాడు’ అని పోల్చుకుంటుంది. పోల్చుకోగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మేలుకుని, శత్రువు చుట్టూ నల్లటి మెలనిన్ పోగుపెట్టి బంధిస్తుంది. పెంకు మీద మీరు చూసే నల్ల మచ్చలు అవే. రెండోది, గింజల కణాలు పగిలి లోపల దాచుకున్న చిన్న చిన్న ప్రొటీన్ తునకలు బయటికి చిమ్ముతాయి. అవే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు. రొయ్య తన ఒంట్లో తనే చేసుకునే మందు.

ఆ తునకల్లో మొదట పట్టుకున్నవి పెనెయిడిన్లు. 1997లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వాటిని మీరు ఇప్పుడు పెంచుతున్న ఈ వనామి రక్తంలోంచే వేరుచేశారు. తర్వాత క్రస్టిన్లు, ఆ తర్వాత ఏఎల్ఎఫ్‌లు (యాంటీ లిపోపాలీశాకరైడ్ ఫ్యాక్టర్లు) ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. దేని పని దానిది. గోడ తీరును బట్టి బాక్టీరియాను గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ అని రెండు రకాలుగా విడదీస్తారు. పెనెయిడిన్లు ఎక్కువగా గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా మీద, బూజు మీద పనిచేస్తాయి. మన చెరువుల్లో రొయ్యను తినేసేది విబ్రియో అనే బాక్టీరియా, అది గ్రామ్ నెగెటివ్. దాని గోడలోని విషపు కొవ్వును పట్టుకునేది ఏఎల్ఎఫ్. అందుకే షాపులో ‘రొయ్యలో ఉండే పెప్టైడే ఇది’ అంటే, ఏ పెప్టైడ్ అని అడగమంటాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన షాపతను నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇలాంటి తునకను ల్యాబ్‌లో, రొయ్యతో సంబంధం లేకుండా, ఒక్కో అమైనో యాసిడ్‌ను పూసల్లా గుచ్చి తయారుచేస్తే అది సింథటిక్ పెప్టైడ్. సన్నటి రెసిన్ గుళికలకు మొదటి పూస అంటించి, దాని మీద ఒక్కొక్కటి పేర్చుకుంటూ పోయే పద్ధతి కనిపెట్టింది అమెరికాకు చెందిన బ్రూస్ మెరిఫీల్డ్, 1963లో. ఆ పనికి 1984లో నోబెల్ వచ్చింది. దీనివల్ల మొత్తం ప్రొటీన్ అక్కర్లేకుండా, పనిచేసే ముక్క వరకే చేసుకోవచ్చు. ఏఎల్ఎఫ్‌లో విబ్రియో గోడను పట్టుకునే భాగం చిన్నది. ఆ కొక్కెం వరకే చేసి బాక్టీరియా మీద పరీక్షించినవాళ్లు ఉన్నారు.

ఆ ముక్క బాక్టీరియాను ఎలా చంపుతుందో సబ్బుతో చెబితే తేలిక. సబ్బుకు ఒక పక్క నీళ్లంటే ఇష్టం, ఇంకో పక్క జిడ్డంటే ఇష్టం. అందుకే అది మురికిలోకి దూరి దాన్ని విడగొడుతుంది. ఈ పెప్టైడ్లూ అంతే, ఒక వైపు నీటివి, ఇంకో వైపు కొవ్వువి. పైగా వీటిమీద ప్లస్ చార్జీ, అంటే ధన విద్యుదావేశం, ఉంటుంది. బాక్టీరియా పొర మీద మైనస్ చార్జీ. దగ్గరికి వెళ్లి అతుక్కుని, కొవ్వు పొరలోకి దూరి కన్నం పెడతాయి. రొయ్య సొంత కణాల పొర మీద అంత మైనస్ చార్జీ ఉండదు కాబట్టి వాటి జోలికి పెద్దగా పోవు.

రెండో పని ఇంకా ఆసక్తికరం. ఇలాంటి పెప్టైడ్లలో కొన్ని బాక్టీరియాను నేరుగా చంపడంతో ఆగవు, రొయ్య కాపలాను కూడా నిద్రలేపుతాయి. ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటల తర్వాత రక్తం తీస్తే హీమోసైట్ల లెక్క మారుతుంది, ఫినాల్ ఆక్సిడేజ్ పెరుగుతుంది, రొయ్య సొంత పెప్టైడ్లు తయారుచేసే జన్యువులు చురుగ్గా కనబడతాయి. పరిశోధన పత్రాల్లో ‘ఇమ్యూనిటీని ప్రభావితం చేసింది’ అని రాసేది ఈ లెక్కలు చూసే.

ఇక్కడే నాకూ షాపువాళ్లకూ పేచీ. ఫినాల్ ఆక్సిడేజ్ పెరిగింది కాబట్టి రొయ్య బలంగా ఉందనడం, ఒళ్లు కాలిపోతోంది కాబట్టి పిల్లాడు హుషారుగా ఉన్నాడనడం లాంటిది. ఆ ఎంజైము పనిచేసేటప్పుడు పుట్టే రసాయనాలు శత్రువుతో పాటు రొయ్య ఒంటినీ కాలుస్తాయి. కాపలావాళ్లను రోజూ అర్ధరాత్రి లేపి ఊరంతా పరుగెత్తిస్తే నిజంగా దొంగ వచ్చినరోజు వాళ్లకు ఓపిక ఉండదు. ఇమ్యూనిటీ పెంచుతుందని ఇచ్చే బీటా గ్లూకాన్ లాంటి మందులతో ఇది చూశారు. వారాల తరబడి ఆపకుండా మేతలో పెడితే, మొదట పెరిగిన లెక్కలు తర్వాత మెల్లగా దిగిపోయాయి. అందుకే నేను అడిగేది ఒకటే: రోగం ఎక్కించాక ఎన్ని బతికాయి, ఏమీ పెట్టనివాటిలో ఎన్ని బతికాయి?

ఇంకో చిక్కు. ల్యాబ్‌లో చాలావరకు పెప్టైడ్‌ను సూదితో ఎక్కిస్తారు. మీరు నాలుగు లక్షల రొయ్యలకు సూది వేయలేరు కదా. మేతలో కలపాలి. రొయ్య మేతను చేపలా గుటుక్కున మింగదు. కాళ్లతో పట్టుకుని తిప్పితిప్పి కొరుకుతుంది. ఆలోపు పైన పూసిందంతా సగం నీళ్లపాలు. లోపలికి వెళ్లిన సగానికి హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథిలో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైములు ఎదురొస్తాయి. ప్రొటీన్‌ను తెగ్గొట్టడమే వాటి ఉద్యోగం. మాంసం ముక్క, సోయా ముక్క, మీరు డబ్బు పోసి కొన్న పెప్టైడ్ ముక్క, వాటికి అన్నీ ఒకటే. దీన్ని తప్పించుకోవడానికి పూసలు తిరగేసి గుచ్చుతున్నారు, కొవ్వు తొడుగు వేస్తున్నారు, పెప్టైడ్ తయారుచేసే ఈస్ట్‌నే మేతలో కలిపి చూస్తున్నారు. థాయిలాండ్‌లో టైగర్ రొయ్య ఏఎల్ఎఫ్‌ను పికియా అనే ఈస్ట్‌తో చేయించారు, అది విబ్రియో మీద బాగా పనిచేసింది. ఆ దారిలో ఎప్పటికైనా మనకు అందే ధరకు రావొచ్చు. పూసలు గుచ్చి చేసే పెప్టైడ్‌ను మా ల్యాబులు మిల్లీగ్రాముల లెక్కన కొనుక్కుంటాయి. దాన్ని లీటర్ డబ్బాలో నింపి 2,800కు ఇవ్వగలిగితే, ఆ కంపెనీ రొయ్యల మందు మానేసి మనుషుల మందులే అమ్ముకునేది.

చివరిది, వైట్ స్పాట్ వైరస్. ఏఎల్ఎఫ్ లాంటివి ఈ వైరస్‌ను కొంత అడ్డుకున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది నిజమే. అయితే కణం లోపలికి దూరకముందు చేసే పని అది. దూరాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం తుడిచిపెట్టగల వైరస్ ఇది. 1994లో మన తీరానికి వచ్చింది. 1995 వేసవిలో మా మేనమామ టైగర్ చెరువు గట్టు మీద నేను నిలబడి చూశాను. రొయ్యలు ఎర్రబారి గట్టువారకు వచ్చి, చేత్తో తీస్తే కదలకుండా ఉండిపోయాయి. తల పెంకు ఒలిచి వెలుగుకు పెడితే లోపల తెల్లటి చుక్కలు. ఆ రోజు ఎవరైనా వచ్చి డబ్బా చూపించి ఉంటే ఎంతకైనా కొనేవాడు మామయ్య. మీ ఆదుర్దా నాకు తెలియంది కాదండి.

డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే పారబోయకండి, మేతలో కలపండి, నష్టం లేదు. దాన్ని నమ్ముకుని పీసీఆర్ మాత్రం మానకండి. లేబుల్ మీద సీఏఏ (కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ) నంబరు చూపించి ‘గవర్నమెంటు సర్టిఫికెట్ ఉంది’ అంటారు. నిషేధించిన యాంటీబయోటిక్ అందులో లేదని చెప్పే నంబరు అది. రోగం ఆపుతుందని చెప్పేది కాదు.

ప్రశ్న: మేడమ్, నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతున్నాను. సింథటిక్ పెప్టైడ్ వనామి ఇమ్యూనిటీ మీద ఎలా పనిచేస్తుందో చిన్న ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ఇంజెక్షన్ గ్రూపు ఒకటి, ఏమీ ఇవ్వని కంట్రోల్ గ్రూపు ఒకటి పెట్టుకున్నాను. ఇంకేమైనా చూసుకోవాలా?
— ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ రెండు గ్రూపులతో మొదలుపెడితే నీ ఫలితం సూదిదో పెప్టైడ్‌దో ఎప్పటికీ తేలదు. రొయ్యకు సూది గుచ్చడమే పెద్ద గాయం. ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించినా హీమోసైట్ల లెక్క మారుతుంది. కాబట్టి ఉప్పునీళ్ల గ్రూపు ఒకటి తప్పనిసరి. దానితో పాటు, నీ పెప్టైడ్‌లో ఉన్న అమైనో యాసిడ్లే, అన్నే, వరస మాత్రం కలగాపులగం చేసిన పెప్టైడ్ ఇంకొకటి చేయించు. రెండూ ఒకేలా పనిచేస్తే నీ పెప్టైడ్ వరసలో గొప్పేమీ లేదన్నమాట. ఖర్చు ఎక్కువని గైడ్ గారు విసుక్కుంటారు, అయినా అడుగు. ఏఎల్ఎఫ్ ముక్క లాంటి పొట్టిది ఎంచుకుంటే రెండూ కలిపి బడ్జెట్‌లో పడొచ్చు.

కుబుసం విడిచే దశ కూడా రాసుకోవాలి. అప్పుడే పొర వదిలి మెత్తగా ఉన్న రొయ్యదీ, గట్టి పెంకున్న రొయ్యదీ రక్తం ఒకలా ఉండదు. తోక చివర విసనకర్ర లాంటి భాగాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే దశ తెలుస్తుంది, రెండు రోజులు అభ్యాసం చేస్తే చెయ్యి తిరుగుతుంది. ఒకే రొయ్య నుంచి రోజూ రక్తం తీయకు. ప్రతి గంట లెక్కకు వేరే రొయ్యలు ఉండాలి. నా ఎంఎస్సీ రోజుల్లో నేను చేసిన తప్పు ఇదే. మూడోరోజుకు అన్ని గ్రూపుల్లోనూ కణాలు తగ్గిపోయాయి. పెప్టైడ్ విషమేమో అనుకుని అధ్యాయమంతా రాసేశాను. ఆ రొయ్యలకు రక్తం నేనే లేకుండా చేశానని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నవ్వుతూ చెప్పారు.

ఈ రంగంలోకి వస్తున్నావు కాబట్టి ఒక సంగతి చెబుతాను. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అనే పరిశోధకుడు ఆఫ్రికా కప్పలకు ఆపరేషన్ చేసి, కుట్లు వేసి మళ్లీ మామూలు నీళ్లతొట్టిలోనే వదిలేసేవాడు. ఆ నీళ్లు సూక్ష్మజీవులమయం. అయినా పుండ్లు చీము పట్టకుండా మానిపోతున్నాయి. ఎందుకా అని చర్మాన్ని వెతికితే మెగైనిన్లు అనే పెప్టైడ్లు దొరికాయి. అంతకు కొన్నేళ్ల ముందే స్వీడన్‌లో పెద్ద పట్టుపురుగు ప్యూపాల్లో సెక్రోపిన్ దొరికింది. కప్ప, పురుగు, రొయ్య అన్నీ సూక్ష్మజీవుల మధ్య బతికేవే. ప్రాజెక్టు రాసేటప్పుడు వీటినీ చదువుకో.

అన్నట్టు, నీ సెమినార్ టైటిల్లో ‘పెప్టైడ్ వ్యాక్సిన్’ అని పెట్టకు. వ్యాక్సిన్ అంటే జ్ఞాపకం ఉండాలి. వైరస్ పైపొర ప్రొటీన్ వీపీ28ను ముందుగా ఇచ్చిన రొయ్యలు కొంతకాలం వైట్ స్పాట్‌ను తట్టుకున్న ప్రయోగాలు ఉన్నాయి కానీ, అది మన టీకాలాంటి జ్ఞాపకమా, కాపలా కొన్నాళ్లు మేలుకుని ఉండటమా అన్నది వేరే చర్చ. వైవాలో ఆ మాట పట్టుకుని అరగంట నిలబెడతారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను గుజరాత్‌లో రొయ్యల ఫామ్‌లో టెక్నీషియన్‌ను, ఊరు కాకినాడ దగ్గర. ఇక్కడ నీటి ఉప్పు లీటరుకు 35 గ్రాములు దాటుతుంది. ఇంత ఉప్పులో పెప్టైడ్లు పనిచేస్తాయా? ఈహెచ్‌పీ రోగం గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి.
— ఒక టెక్నీషియన్

జవాబు: మంచి ప్రశ్న బాబూ. మీ ఓనరు అడిగారో మీకే తట్టిందో! ఈ పెప్టైడ్లు బాక్టీరియాకు అతుక్కునేది ప్లస్ మైనస్ చార్జీల వల్లని పైన రాశాను. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆ ఉప్పు అయాన్లే మధ్యలో దూరి ఆ పట్టు వదిలిస్తాయి. తక్కువ ఉప్పున్న ద్రావణంలో బ్రహ్మాండంగా చంపిన పెప్టైడ్ సముద్రపు నీటి గాఢతలో చేతులెత్తేయడం మామూలే. సముద్ర జీవుల పెప్టైడ్లు కొన్ని ఉప్పును బాగానే తట్టుకుంటాయి, అలవాటుపడ్డవి కదా. కాబట్టి ఎవరైనా చెరువు నీళ్లలో చల్లే పెప్టైడ్ అని తెస్తే, ఎంత ఉప్పులో టెస్ట్ చేశారో అడగండి. భీమవరం చుట్టుపక్కల అయిదారు ఉప్పున్న చెరువులో వచ్చిన రిజల్టు మీకు పనికిరాదు. అయినా ఎకరం చెరువులో మీటరున్నర నీళ్లంటే ఆరువేల క్యూబిక్ మీటర్లు. అందులో చల్లే పెప్టైడ్ ఏ మూలకు?

ఈహెచ్‌పీ గురించి కూడా రెండు ముక్కలు అడిగారు. అది హెపటోపాంక్రియాస్ కణాల లోపల కాపురం పెట్టే బూజు జాతి జీవి. రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. 60 రోజులకూ చిన్నా పెద్దా కలిసి ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. పెప్టైడ్లతో దాని పని పట్టొచ్చని ఎవరైనా అంటే వినేసి ఊరుకోండి. పంట తీశాక చెరువు ఎండగట్టి, హెక్టారుకు ఆరు టన్నుల లెక్కన కాల్చిన సున్నం వేసి, మట్టిలో కలిసేలా దున్ని తడిపితే పీహెచ్ 12కు వెళ్లి స్పోర్లు చస్తాయి. చెమట పట్టే పని కాబట్టి దీన్ని ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మరు.

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. ఆదివారం రొయ్యలు తెచ్చి కడిగే వేళకు కొన్నిటి తలలు, కాళ్లు నల్లగా మారాయి. ఈ మధ్య రొయ్యలకు ఇమ్యూనిటీ మందులు, పెప్టైడ్లు వాడుతున్నారని విన్నాను. దానివల్లేనా? పిల్లలకు పెట్టొచ్చా?
— ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: నల్లబడింది మందులవల్ల కాదమ్మా. పైన రైతుకు చెప్పిన కాపలా కథే ఇక్కడా జరుగుతోంది. రొయ్య చచ్చిపోయినా దాని ఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైము వెంటనే చావదు. గాలి తగిలినకొద్దీ మెలనిన్ తయారుచేస్తూనే ఉంటుంది. కోసిన వంకాయ, ఆపిల్ ముక్క నల్లబడేదీ ఆ జాతి ఎంజైముల వల్లే. తల దగ్గర రక్తం, ఎంజైములు ఎక్కువ కాబట్టి ముందు తలే నల్లబడుతుంది. పట్టుబడి అయిన వెంటనే గట్టు మీదే ఐసులో ముంచితే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. ఎండలో గంటసేపు ట్రేల్లో ఉంచి, తర్వాత అరకొర ఐసు వేసి హైదరాబాద్ పంపితే మీ సింకులో నల్లబడుతుంది. కొందరు నల్లబడకుండా మెటాబైసల్ఫైట్ నీళ్లలో ముంచుతారు. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే బాగా కడిగి, తలలు తీసేసి వండండి. తిన్నాక ఆయాసం వస్తే మళ్లీ పెట్టకండి.

పెప్టైడ్ సంగతికొస్తే, అది ప్రొటీన్ ముక్కే. రొయ్య పొట్టలోనే చాలావరకు జీర్ణమైపోతుందని పైన మొత్తుకున్నాను. మీ పొయ్యి మీద ఉడికి, మీ పొట్టలోకి వెళ్లాక దానికి మిగిలేదేమీ ఉండదు. రొయ్యల విషయంలో నేను భయపడే పేర్లు వేరే, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు. అవి నిషేధించిన యాంటీబయోటిక్స్. ఉడికించినంత మాత్రాన పోతాయని అనుకోవడానికి లేదు. అసలు పెప్టైడ్ల మీద ఇంత పరిశోధన జరుగుతున్నది అలాంటివాటి అవసరం లేకుండా చేద్దామనే. రైతును నేను ఆ డబ్బా కొనొద్దన్నానని పరిశోధన మీద నమ్మకం లేదనుకోకండి.

మీ రొయ్యలకు ఈసారి ఇలా చేయండి. తల పట్టుకుని లాగి చూడండి. గట్టిగా లాగితే గాని ఊడకపోతే తాజాది. వేలాడుతుంటే, పెంకు మెత్తబడి జిగటగా ఉంటే, నల్లదనం తలకు కాక తోక కండలోకి కూడా పాకితే వద్దు. అమోనియా వాసన వస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, పారేయండి. కండ తెల్లగా, బిగువుగా ఉండి తల మాత్రమే నల్లగా ఉంటే తల తీసేసి, వెన్ను మీద నల్ల నరం లాగి, పసుపు ఉప్పు వేసి రెండుసార్లు కడిగి వండుకోవచ్చు, పిల్లలకూ పెట్టొచ్చు. వచ్చే ఆదివారం మాత్రం రొయ్యల రేటు అడిగేముందు అమ్మేవాడి ట్రేలో చెయ్యిపెట్టి చూడండి. వేళ్లు జివ్వుమనకపోతే పక్క కొట్టుకు వెళ్లండి.